చర్ఖీ దాద్రీ 1996: 'చేరుకున్నాం' అన్నప్పుడు ఆల్టీమీటర్ ఎవరు చూశారు?

కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి చదివేవాళ్ళకి ఎయిర్ రెగ్యులేషన్స్, ఎయిర్ నావిగేషన్ చెప్పడం ఇప్పుడు నా పని. అంతకుముందు ఎయిర్‌లైన్‌లో కుడిపక్క సీట్లోనూ, తర్వాత ఎడమపక్క సీట్లోనూ కూర్చున్నాను. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే పరీక్షకి 70 మార్కులు తెచ్చుకోవాలనే తొందరలో పిల్లలు నియమాల్ని బిట్లుగా బట్టీ పడతారు. సెమీ సర్క్యులర్ రూల్ ఒక బిట్, రీడ్‌బ్యాక్ (కంట్రోలర్ మాటని తిరిగి చెప్పడం) ఒక బిట్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానం నుంచి జవాబు పంపే పరికరం) ఒక బిట్. ఇవన్నీ ఒకే రెండు నిమిషాల్లో ఎలా కలిసి పనిచేస్తాయో, ఎక్కడ తెగిపోతాయో చూపించడానికి నేను ఎంచుకునే కేసు చర్ఖీ దాద్రీ.

1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని ఆ ఊరి మీద సౌదీ అరేబియా ఎయిర్‌లైన్ సౌదియా బోయింగ్ 747, కజకిస్తాన్ ఎయిర్‌లైన్స్ ఇల్యూషిన్ 76 ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న 349 మందీ చనిపోయారు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంత ప్రాణనష్టం మరి దేనిలోనూ జరగలేదు.

ఈ ప్రమాదం గురించి ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: కజక్ పైలట్లకి ఇంగ్లీషు రాదు. ఆ మాట అబద్ధం కాదు. విచారణ జరిపిన జస్టిస్ ఆర్.సి. లాహోటీ కమిషన్ కూడా భాషని కారణాల్లో చేర్చింది. కానీ అక్కడితో ఆపేస్తే మన పిల్లలకి ఈ కేసు వల్ల ఉపయోగం లేదు. 'మాకు ఇంగ్లీషు వచ్చు కదా, ఇది మాకు జరగదు' అనుకుని పేజీ తిప్పేస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చిన కాక్‌పిట్లలో కూడా ఈరోజుకీ జరుగుతున్న తప్పు ఇందులో ఇంకొకటి ఉంది. ఎత్తు చూపే మీటర్, అంటే ఆల్టీమీటర్, చూడకముందే నోరు మాట్లాడేయడం. ఈ రాత అంతా దాని గురించే.

ఆ సాయంత్రం జరిగింది

సౌదియా 763 ఢిల్లీ నుంచి దహ్రాన్ మీదుగా జెడ్డాకి వెళ్ళాలి. 312 మందితో సాయంత్రం 6:32కి టేకాఫ్ అయింది. కజకిస్తాన్ 1907 చిమ్‌కెంట్ నుంచి 37 మందితో ఢిల్లీకి దిగుతోంది. ఒకటి పడమటికి పోతోంది, ఇంకొకటి పడమటి నుంచి వస్తోంది. ఇద్దరికీ దారి ఒకటే. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళం చేతిలో ఉండేది కాబట్టి, పౌర విమానాలకి మిగిలిన సన్నటి కారిడార్‌లోనే వచ్చేవీ పోయేవీ నడవాలి. పక్కకి జరగడానికి చోటు లేనప్పుడు, నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ చేతిలో ఉండేది ఎత్తు ఒక్కటే.

ఆ ఎత్తుల్ని ఆయన సరిగ్గానే ఇచ్చాడు. సౌదియాకి ఫ్లైట్ లెవెల్ 140, అంటే 14,000 అడుగులు. కజక్‌కి 150. సౌదియా ఇంకా పైకి వెళ్తామని అడిగితే, 140లోనే ఉండండి, ఆగండి అన్నాడు. రెండింటి మధ్యా వెయ్యి అడుగులు. ఆ ఎత్తుల్లో నియమం కోరేది అంతే. పైగా సెమీ సర్క్యులర్ రూల్ చూడండి: మాగ్నెటిక్ ట్రాక్, అంటే దిక్సూచి లెక్కలో విమానం వెళ్ళే దిక్కు, 000 నుంచి 179 డిగ్రీల దాకా అయితే బేసి లెవెల్స్, 180 నుంచి 359 దాకా అయితే సరి లెవెల్స్. తూర్పుకి వస్తున్న ఇల్యూషిన్‌కి 150 బేసి, పడమటికి పోతున్న 747కి 140 సరి. కాగితం మీద చూస్తే ఇక్కడ ఒక్క నియమం కూడా తప్పలేదు. క్లాసులో నేను మొదట బోర్డు మీద గీసేది ఈ బొమ్మే. గీసి, 'ఇందులో తప్పెక్కడుంది?' అని అడుగుతాను. ఎవరికీ దొరకదు. దొరకకూడదు కూడా.

కజక్ రేడియో ఆపరేటర్ 150కి చేరుకున్నామని, ఢిల్లీకి 46 మైళ్ళ దూరంలో ఉన్నామని రిపోర్ట్ చేశాడు. కంట్రోలర్ 150 మెయింటైన్ చేయమని, ఎదురుగా సౌదియా 747 వస్తోందని, కనిపిస్తే చెప్పమని అన్నాడు. ఎన్ని మైళ్ళని అవతలి నుంచి ప్రశ్న వచ్చింది. 14 మైళ్ళు అన్నాడు. జవాబు రాకపోయేసరికి మళ్ళీ పిలిచి, ట్రాఫిక్ 13 మైళ్ళలో ఉంది, లెవెల్ 140 అన్నాడు. ఈసారి సరేనన్నట్టు జవాబొచ్చింది.

ఇక్కడ ఒక లెక్క వేయిస్తాను. రెండు విమానాలూ ఎదురెదురుగా కలిసి గంటకి సుమారు 540 నాటికల్ మైళ్ళ వేగంతో దగ్గరవుతున్నాయనుకోండి. నిమిషానికి తొమ్మిది మైళ్ళు. అంటే 14 మైళ్ళు తరగడానికి ఒకటిన్నర నిమిషం చాలు. రేడియోలో రెండు సార్లు అడిగి, రెండు సార్లు చెప్పించుకునే లోపు అందులో సగం అయిపోతుంది.

'చేరుకున్నాం' అని చెప్పిన సమయంలో ఇల్యూషిన్ 150 దగ్గర లేదు. ఫ్లైట్ డేటా రికార్డర్ ప్రకారం అది సుమారు 14,500 అడుగుల్లో ఉండి ఇంకా దిగుతోంది. ఆ తర్వాత 140 దాకా దిగిపోయింది. చీకటి పడింది, మధ్యలో మబ్బు ఉంది. ఎదురుగా వచ్చే విమానాలు రెండూ కుడివైపు తిరగాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నియమాల్లోని అనెక్స్ 2 చెబుతుంది. ఆ నియమం పనికొచ్చేది కంటికి కనిపించినప్పుడే. మబ్బులో అది ఎవరికీ సాయం చేయలేదు.

చివరి క్షణాల్లో తాము 150 దగ్గర లేమని కజక్ రేడియో ఆపరేటరే గమనించి, పైకి లేపమన్నాడు. కెప్టెన్ ఇంజన్లకి పవర్ ఇచ్చాడు. విమానం కొద్దిగా పైకి లేచింది, లేచి సౌదియాని తాకింది. ఇల్యూషిన్ తోక 747 ఎడమ రెక్కని కోసేసింది. ఆ దగ్గర్లో ఎగురుతున్న అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ సి-141 రవాణా విమానం పైలట్‌కి మబ్బు లోపల నారింజ రంగు వెలుగు కనిపించింది. ఢిల్లీలో కంట్రోలర్ రాడార్ మీద రెండు చుక్కలు ఒకటై, మళ్ళీ కనిపించలేదు.

కంట్రోలర్ రాడార్‌లో ఎత్తు లేదు

ఈ విషయం చాలామంది విద్యార్థులకి నమ్మశక్యంగా ఉండదు. ఇప్పుడు వాళ్ళు ఫోన్‌లో యాప్ తెరిచి శంషాబాద్ మీద పోయే విమానం ఎన్ని అడుగుల్లో ఉందో చూసేస్తున్నారు. 1996లో ఢిల్లీ అప్రోచ్ కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడార్. అది రేడియో తరంగాన్ని పంపి, విమానం లోహానికి తగిలి వెనక్కొచ్చిన ప్రతిధ్వనిని చూపిస్తుంది. ఏ దిక్కులో ఉంది, ఎంత దూరంలో ఉంది, అంతవరకే. ఎత్తు చెప్పదు. ఎత్తు తెలియాలంటే సెకండరీ రాడార్ కావాలి. అది ట్రాన్స్‌పాండర్‌ని ప్రశ్నిస్తుంది, ట్రాన్స్‌పాండర్ మోడ్ సిలో తన ఎత్తుని తిరిగి పంపుతుంది. ఢిల్లీకి అలాంటి కొత్త రాడార్ తెచ్చే పని అప్పటికి నడుస్తోంది, కానీ ఇంకా వాడకంలోకి రాలేదు.

కాబట్టి ఆ కంట్రోలర్‌కి తెలిసిన ఎత్తు పైలట్ నోటి నుంచి వచ్చినదొక్కటే. 'చేరుకున్నాం' అనే మాట విన్నాక, ఆయన లెక్కలో ఆ విమానం 15,000 అడుగుల్లో ఉంది. దాన్ని అనుమానించడానికి ఆయన దగ్గర ఇంకే ఆధారమూ లేదు. కమిషన్ ఆయన్ని తప్పుపట్టలేదు. నా ఉద్దేశంలో అది న్యాయమైన నిర్ణయం.

పైలట్లకి మాత్రం ఇందులో ఉన్న బరువు అర్థం కావాలి. లెవెల్ రిపోర్ట్ అంటే మర్యాదకి చెప్పే మాట కాదు. రాడార్ లేని చోట, ఎత్తు చూపని రాడార్ ఉన్న చోట, ఇంకొక విమానాన్ని నీ పైనా కిందా ఎక్కడ పెట్టాలో కంట్రోలర్ నిర్ణయించేది ఆ మాటని పట్టుకునే. సముద్రం మీద ప్రొసీజరల్ కంట్రోల్‌లో, అంటే రాడార్ లేకుండా పైలట్ రిపోర్టుల మీదే నడిచే పద్ధతిలో, ఎగిరేవాళ్ళకి ఇది ఇప్పటికీ నిజమే. చెన్నై నుంచి అండమాన్ వైపు వెళ్ళే దారుల్లో హెచ్‌ఎఫ్ రేడియో గురగురల మధ్య పొజిషన్ రిపోర్టులు ఇచ్చిన పాత తరం పైలట్లని అడగండి, చెబుతారు.

అయిదుగురున్న కాక్‌పిట్

ఇల్యూషిన్ 76ని నడిపేది ఇద్దరు పైలట్లు మాత్రమే కాదు. ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, రేడియో ఆపరేటర్ కూడా ఉంటారు. నావిగేటర్ అయితే ముక్కు కింద అద్దాల గదిలో కూర్చుంటాడు. ఏటీసీతో, అంటే కంట్రోలర్లతో, మాట్లాడేది రేడియో ఆపరేటర్. అతని ముందు ఎత్తు చూపే మీటర్ లేదు. ఎత్తు తెలుసుకోవాలంటే ముందున్న పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి.

ఈ అమరికని కాస్త ఆగి ఆలోచించండి. కంట్రోలర్ మాట విన్నది ఒకరు. దాన్ని అర్థం చేసుకుని పైలట్‌కి అందించాల్సిందీ అతనే. విమానం నడుపుతున్నది ఇంకొకరు. మీటర్ ఉన్నది ఆ నడిపేవాళ్ళ ముందు. మీటర్ ఏం చూపిస్తోందో కంట్రోలర్‌కి చెప్పాల్సింది మాత్రం మీటర్ లేని మనిషి. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ 'రైట్ రైట్' అంటే డ్రైవర్ నమ్మి కదులుతాడు, ఎందుకంటే తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్ళని చూసేది కండక్టరే. ఇక్కడ తలుపు చూడని మనిషి రైట్ చెప్పాడు.

అతన్ని తిట్టడానికి ఈ మాట అనడం లేదు. అయిదుగురి కాక్‌పిట్‌ని ఒక పద్ధతితో నడపాలి. దిగుతున్నప్పుడు వెయ్యి అడుగులు మిగిలాయని ఒకరు పైకి చెప్పాలి. లెవెల్ దగ్గరపడుతోందని నడిపే పైలట్ అందుకోవాలి. నిలబడ్డాక ఫలానా లెవెల్‌లో ఉన్నాం అని వినిపించేలా అనాలి. అప్పుడు రేడియో ఆపరేటర్ మైక్ నొక్కాలి. ఆ స్టాండర్డ్ కాల్‌అవుట్లే ఆ కాక్‌పిట్‌లో లేవు. కమిషన్ తన కారణాల్లో అనుమతి లేకుండా 140కి దిగిపోవడాన్నీ, ఇచ్చిన 150ని నిలబెట్టుకోకపోవడాన్నీ ప్రధానంగా చెప్పింది. దానికి తోడు బలహీనమైన ఎయిర్‌మన్‌షిప్ (విమానం నడిపే నేర్పు), సిబ్బంది మధ్య సమన్వయం లేకపోవడం, కెప్టెన్ నాయకత్వ లోపం, పని మీద నిర్లక్ష్య ధోరణి, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంది. భాష ఈ జాబితాలో ఒక అంశం.

ఇప్పటి విమానాల్లో రేడియో ఆపరేటర్ లేడు. ఇద్దరే ఉంటారు, ఇద్దరి ముందూ ఆల్టీమీటర్ ఉంటుంది, ఏటీసీతో మాట్లాడేది పైలట్ మానిటరింగ్, అంటే ఆ సమయంలో విమానం నడపకుండా గమనించే పైలట్. అయితే ఈ జబ్బు పోయిందా? పోలేదు. సిమ్యులేటర్‌లో వెనక కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఏటీసీ 'రిపోర్ట్ రీచింగ్' (లెవెల్‌కి చేరాక చెప్పండి) అంటుంది. పైలట్ మానిటరింగ్ చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది, లేదా ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో అప్రోచ్ మారుస్తుంటాడు. ఆటోపైలట్ ఎలాగూ పట్టుకుంటుందనే ధీమాతో, ఇంకో మూడు వందల అడుగులు ఉండగానే 'రీచింగ్' అనేస్తాడు. పది సార్లలో తొమ్మిది సార్లు ఆటోపైలట్ పట్టుకుంటుంది కూడా. పదోసారి, ఇచ్చిన ఎత్తు దగ్గర విమానాన్ని నిలిపే ఆల్టిట్యూడ్ క్యాప్చర్ మోడ్ ఎవరో వెర్టికల్ స్పీడ్ నాబ్ కదపడం వల్ల పోతుంది, ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉందో చూపే మోడ్ ప్యానెల్‌ని ఎవరూ చదవరు, విమానం లెవెల్ దాటి పోతుంది. దీనికి ఏవియేషన్‌లో ఉన్న పేరు లెవెల్ బస్ట్.

ట్రాఫిక్ సమాచారం క్లియరెన్స్ కాదు

కంట్రోలర్ చివరగా అన్న మాటలో 'లెవెల్ 140' ఉంది. అది సౌదియా ఎత్తు, ట్రాఫిక్ సమాచారం మాత్రమే. కజక్‌కి ఇచ్చిన క్లియరెన్స్, అంటే అనుమతి, కాదు. ఆ సంఖ్య విన్న సిబ్బంది దాన్ని తమకిచ్చిన లెవెల్‌గా పొరబడి ఉండొచ్చనే వాదన చాలాకాలంగా ఉంది. ఏటీసీ మాటని తప్పుగా అర్థం చేసుకున్నారని కమిషన్ కూడా అంది. నేను ఒక్క జాగ్రత్త చెబుతాను: ఆ 140 వినిపించే సమయానికే విమానం 150 కిందకి దిగిపోయి ఉంది. కాబట్టి మొత్తం తప్పుని ఆ సంఖ్య మీద వేయలేం. దిగడం ఆగకపోవడానికి అది తోడ్పడిందంటే ఒప్పుకుంటాను.

ఏది ఏమైనా ఇక్కడ నియమం స్పష్టంగా ఉంది. కొన్ని మాటల్ని పైలట్ తప్పనిసరిగా తిరిగి చెప్పాలి: రూట్ క్లియరెన్స్, రన్‌వే మీదకి వెళ్ళడం, దాటడం, ముందు ఆగడం, టేకాఫ్, ల్యాండింగ్, ఆల్టీమీటర్ సెట్టింగ్, ట్రాన్స్‌పాండర్ కోడ్, లెవెల్, హెడింగ్, స్పీడ్. వీటికి 'రోజర్' (విన్నాను) అంటే చాలదు. కంట్రోలర్ ఆ రీడ్‌బ్యాక్ విని సరిచూడాలి. ట్రాఫిక్ సమాచారం ఈ జాబితాలో లేదు, దానికి 'లుకింగ్' అనో 'ట్రాఫిక్ ఇన్ సైట్' అనో చెబితే సరిపోతుంది. అందుకే అక్కడ పొరబాటు పట్టుకునే వల ఉండదు. ట్రాఫిక్ లెవెల్ విని మీ మనసులో ఏ కొంచెం సందేహం వచ్చినా, మీ సొంత లెవెల్‌ని మళ్ళీ చెప్పి ఖాయం చేసుకోండి. 'కన్ఫర్మ్ మెయింటైన్ వన్ ఫైవ్ జీరో' అనడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. కంట్రోలర్ విసుక్కున్నా ఫర్వాలేదు.

సంఖ్యలతో తంటా కజక్‌లకే పరిమితం కాదు. 1989 ఫిబ్రవరిలో మలేషియాలోని సుబాంగ్‌కి దిగుతున్న ఫ్లయింగ్ టైగర్ కార్గో 747కి కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమని చెప్పాలనుకుని, 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో' అన్నాడు. అమెరికన్ సిబ్బంది మొదటి 'టూ'ని అంకెగా కాక 'దాకా' అనే అర్థంలో తీసుకుని, 400 అడుగులని చదివి చెప్పారు. ఆ తప్పు రీడ్‌బ్యాక్‌ని కంట్రోలర్ పట్టుకోలేదు. విమానం కొండకి కొట్టుకుంది, నలుగురూ చనిపోయారు. వాళ్ళ మాతృభాష ఇంగ్లీషే. రెండు వేల నాలుగు వందలు అని పూర్తిగా పలికి ఉంటే ఆ గందరగోళానికి చోటే లేదు. ఆర్‌టీఆర్ అనే రేడియో లైసెన్స్ పరీక్షకి కూర్చునేవాళ్ళు, రేడియోలో ఏ మాట ఎలా అనాలో చెప్పే ఫ్రేజాలజీ పుస్తకాన్ని చాదస్తం అనుకుంటారు. అందులో ఒక్కో వాక్యం వెనకా ఇలాంటి చరిత్ర ఉంది.

భాష విషయంలో ఐకావో తర్వాత గట్టిగానే కదిలింది. అంతర్జాతీయంగా ఎగిరే పైలట్లకీ, కంట్రోలర్లకీ ఇంగ్లీషులో కనీసం లెవెల్ 4 ఉండాలన్న నిబంధన 2008 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. మన లైసెన్స్ మీద కనిపించే ఇంగ్లీష్ లాంగ్వేజ్ ప్రొఫిషియెన్సీ ఎండార్స్‌మెంట్ అదే.

మీటర్లు, అడుగులు

సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన దేశాల్లో అప్పట్లో ఎత్తుని మీటర్లలో ఇచ్చేవాళ్ళు. ఇంట్లో మీటర్లు, ఢిల్లీలో అడుగులు. 150 అంటే సుమారు 4,570 మీటర్లు, 140 అంటే సుమారు 4,270. దిగే తొందరలో ఈ లెక్క మనసులో చేసుకోవడం సరదా పని కాదు. కజకిస్తాన్ 2011లో అడుగుల ఫ్లైట్ లెవెల్స్‌కి మారింది. చైనా ఇంకా మీటర్లలోనే ఉంది. అటు వెళ్ళే మన పైలట్లకి నేను చెప్పేది ఒకటే: ఏటీసీ 10,100 మీటర్లంటే క్యాలిక్యులేటర్ తీయకండి. చార్ట్‌లో పట్టిక ఉంటుంది, అందులో దానికి ఎదురుగా 33,100 అడుగులని రాసుంటుంది, అదే పెట్టండి.

అన్నట్టు, ఆల్టీమీటర్ సెట్టింగ్ ఇక్కడ కారణం కాదు. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ అనే నిర్ణీత ఎత్తుకి పైన అందరూ ఆల్టీమీటర్‌లో ఒకే గాలి ఒత్తిడి, 1013.2 హెక్టోపాస్కల్స్, పెట్టుకునే ఎగురుతారు, అందుకే దాన్ని ఆల్టిట్యూడ్ అనకుండా ఫ్లైట్ లెవెల్ అంటాం. పరీక్షలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది కాబట్టి చెప్పాను.

విచారణలో కజక్ పక్షం మబ్బులో కుదుపుల వల్ల విమానం కిందకి పోయిందని వాదించింది. అది నిజమే అనుకుందాం. అప్పుడు కూడా నియమం మారదు. ఇచ్చిన లెవెల్ నిలబెట్టుకోలేకపోతున్నాం అనిపించిన క్షణంలోనే ఏటీసీకి చెప్పాలి. 'అనేబుల్' (చేయలేకపోతున్నాం) అనే ఒక్క మాట చాలు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాట కాదు. కొత్త ఫస్ట్ ఆఫీసర్లు ఆ మాట అనడానికి ఎందుకంత మొహమాటపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత వచ్చిన మార్పులు

ఢిల్లీలో వచ్చే దారుల్నీ, పోయే దారుల్నీ విడదీశారు. సెకండరీ రాడార్ వచ్చింది. అన్నిటికన్నా పెద్ద మార్పు టీకాస్, అంటే ఇంకో విమానాన్ని ఢీకొనే ప్రమాదం ఉంటే పైలట్‌ని హెచ్చరించే, విమానంలోనే ఉండే పరికరం. భారత గగనతలంలో ఎగిరే పెద్ద విమానాలకి దాన్ని తప్పనిసరి చేస్తూ డీజీసీఏ నిబంధన తెచ్చింది.

టీకాస్ ఎలా పనిచేస్తుందో ఈ కేసు మీదే చెప్పొచ్చు. చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లని అది తానే ప్రశ్నిస్తుంది. నేల మీద రాడార్ ఉన్నా లేకపోయినా దానికి సంబంధం లేదు. 10,000 నుంచి 20,000 అడుగుల మధ్య అయితే, ఢీకొనే అవకాశానికి సుమారు 45 సెకన్ల ముందు 'ట్రాఫిక్ ట్రాఫిక్' అంటుంది. సుమారు 30 సెకన్ల ముందు 'క్లైంబ్' అనో 'డిసెండ్' అనో ఆదేశమే ఇస్తుంది. దాన్ని రిజల్యూషన్ అడ్వైజరీ, ఆర్ఏ అంటారు. రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంటే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒకరిని పైకి, ఒకరిని కిందకి పంపిస్తాయి. ఆ సాయంత్రం సౌదియాలో అది ఉండి, ఇల్యూషిన్ ట్రాన్స్‌పాండర్ ఎత్తుని సరిగ్గా పంపుతూ ఉంటే, మబ్బులోంచి కూడా 747 కెప్టెన్‌కి హెచ్చరిక అందేది. ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపకపోతే మాత్రం టీకాస్ ఆర్ఏ ఇవ్వలేదు. అందుకే ట్యాక్సీ చెక్‌లిస్ట్‌లో ఆ స్విచ్‌ని నిర్లక్ష్యం చేయొద్దని పదేపదే చెబుతాను.

పరికరం వచ్చినంత మాత్రాన సరిపోదని 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ మీద తేలింది. బష్కిరియన్ ఎయిర్‌లైన్స్ టీయూ-154, డీహెచ్ఎల్ బోయింగ్ 757. రెండింటిలోనూ టీకాస్ ఉంది. రష్యన్ సిబ్బందికి టీకాస్ పైకి వెళ్ళమంది, జూరిక్ కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్ళు కంట్రోలర్ మాట విన్నారు. డీహెచ్ఎల్ తన టీకాస్ మాట విని దిగింది. 71 మంది పోయారు. అప్పటిదాకా కొన్ని చోట్ల అస్పష్టంగా ఉన్న నియమం ఆ తర్వాత తిరుగులేని స్పష్టతతో వచ్చింది: ఏటీసీ ఒకటి చెప్పి, ఆర్ఏ ఇంకొకటి చెబితే ఆర్ఏనే పాటించాలి. ఆర్ఏకి వ్యతిరేక దిశలో ఎప్పుడూ పోకూడదు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) వార్నింగ్, విండ్‌షియర్ (గాలి ఒక్కసారిగా మారడం), గ్రౌండ్ ప్రాక్సిమిటీ (నేల దగ్గరపడటం) వార్నింగ్ మాత్రం దానికన్నా ముందు. ఏటీసీకి 'టీకాస్ ఆర్ఏ' అని చెప్పాలి. ఆ మాట విన్న కంట్రోలర్ ఇక ఆ విమానానికి దారి మార్చే సూచనలు ఇవ్వకూడదు, 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని పైలట్ చెప్పేదాకా.

లెవెల్ దగ్గరపడినప్పుడు

దీని నుంచి నేను రోజూ నేర్పేది చాలా చిన్నది. క్లియరెన్స్ వచ్చింది. పైలట్ మానిటరింగ్ చదివి చెప్పాడు. నడిపే పైలట్ ఆల్టిట్యూడ్ విండోలో పెట్టాడు. ఇద్దరూ ఆ విండో వైపు వేలు చూపించి సంఖ్యని పైకి చదివారు. వేలు చూపించడం పిల్లాటలా అనిపిస్తుంది, కానీ అది లేకపోతే విన్న సంఖ్య ఒకటి, పెట్టిన సంఖ్య ఒకటి అవుతుంది. వెయ్యి అడుగులుండగా 'వన్ థౌజండ్ టు గో'. ఆ మాట అన్నాక కాగితాలు, మెనూలు, కబుర్లు పక్కన పెట్టాలి. పక్క లెవెల్‌లో ఇంకొకరున్నారని తెలిస్తే చివరి వెయ్యి అడుగుల్లో ఎక్కే, దిగే వేగాన్ని నిమిషానికి 1,500 అడుగులకి లోపు ఉంచమని ఐకావో అనెక్స్ 6 చెబుతుంది. టీకాస్ అనవసరంగా అరవకుండా ఉండటానికి పెట్టిన నియమం అది. ఇంకో లాభం కూడా ఉంది: 1,500తో దిగుతూ లెవెల్ దాటినా, కింద వెయ్యి అడుగుల్లో ఉన్నవాడి దగ్గరికి చేరడానికి నలభై సెకన్లు పడుతుంది. మూడు వేలతో దిగితే ఇరవై. గమనించి సరిదిద్దుకోవడానికి దొరికే సమయం అంతే.

తర్వాత మోడ్ ప్యానెల్‌లో ఆల్టిట్యూడ్ హోల్డ్ కనిపించాలి, సూది నిలబడాలి. అప్పుడు, దాని తర్వాతే, మైక్ బటన్. 'రిపోర్ట్ రీచింగ్' అని అడిగినప్పుడు ఆలస్యమైనా ఫర్వాలేదు. మధ్యలో కంట్రోలర్ అడిగితే 'పాసింగ్ వన్ ఫైవ్ ఫైవ్, డిసెండింగ్ వన్ ఫైవ్ జీరో' అని ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు.

ఈ కేసు చెప్పిన ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. చివర్లో పైకి లేపకపోయి ఉంటే ఇల్యూషిన్ 747 కింద నుంచి వెళ్ళిపోయేది కదా, మరి లేపడం తప్పా? బహుశా వెళ్ళిపోయేదే. కానీ అది మనకి ఇప్పుడు రికార్డర్లు చదివాక తెలిసిన విషయం. ఆ మబ్బులో ఆ సిబ్బందికి తెలిసింది, ఇచ్చిన లెవెల్ కన్నా కిందున్నాం అన్నదొక్కటే. ఆ స్థితిలో లెవెల్‌కి తిరిగి వెళ్ళాలనుకోవడాన్ని నేను తప్పు పట్టను. నేను అడిగే ప్రశ్న వేరు: కంట్రోలర్‌కి ఆ మాట ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అంత ఆలస్యంగా తెలిశాక చెప్పడానికి టైం కూడా లేదు. ఈరోజు మీకు అలాంటిది జరిగితే, ఆర్ఏ వస్తే దాని మాట. ఆర్ఏ రాకపోతే ముందు దిగడం ఆపి, లెవెల్‌కి తిరిగి వెళ్తూ, అదే ఊపిరిలో ఏటీసీకి మీరు నిజంగా ఏ ఎత్తులో ఉన్నారో చెప్పండి. మీ పాత రిపోర్ట్ ఇంకా, కంట్రోలర్ ఒక్కో విమానం వివరాలు రాసుకునే స్ట్రిప్ మీద నిజంలా కూర్చుని ఉంటుంది, దాన్ని ముందు కొట్టేయించాలి. కిందకి దిగాక కంపెనీ సేఫ్టీ విభాగానికి రిపోర్ట్ రాయండి, ఎవరూ గమనించలేదు కదా అని వదిలేయకండి. ఫ్లైట్ డేటా మానిటరింగ్‌లో అది ఎలాగూ కనిపిస్తుంది. ముందే రాసినవాడితో మాట్లాడే తీరు వేరు, దొరికినవాడితో వేరు.